పగిలిన ఫోనుకు వచ్చిన టబ్బు

మా పెరట్లో గోడకు ఆనించి ఎర్ర ప్లాస్టిక్ టబ్బు ఒకటి బోర్లించి ఉంటుంది. అది వచ్చి రెండు ఎండాకాలాలు దాటాయి. ఒక్కనాడూ దాంట్లో నీళ్లు పట్టలేదు, బట్టలు నానబెట్టలేదు. చీర చిరిగితే మసిగుడ్డ చేస్తాను, మసిగుడ్డ చిరిగితే పొయ్యి అంటించడానికి దాచుకుంటాను. చింతపండు పిప్పిని కూడా పారేయను, గిన్నెలు తోముతాను. అలాంటి నా ఇంట్లో ఆ టబ్బు ఊరికే పడి ఉంది. పక్కింటి ఆమె రెండుసార్లు అడిగింది, "వాడుకోకపోతే నాకియ్యి వదినా, మా కోడలు బిడ్డకు నీళ్లు పోసుకుంటాది" అని. ఇవ్వలేదు. ఎందుకివ్వవంటే చెప్పడానికి మాట లేదు. పీనాసిది అనుకుని ఉంటుంది. అనుకోనీ.

ఈ కాగితాలు నా మనవడివి. వాడు చదువుకునేటప్పుడు సగం రాసి వదిలేసిన నోటు పుస్తకాలు. వెనక సగం తెల్లగా ఉంటే ఎందుకు పారేయాలి అని దాచాను. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత మా నాయన వేరుశనగ చేలో కలుపుకు తోలాడు. బైబిలు చదవగలను, ఉత్తరం రాయగలను. పేర్లు మాత్రం రాయను. ఎవరి పేరూ రాయను.

వాడు నా కూతురి కొడుకు. కూతురు జ్వరంతో పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని కావలి వైపు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఉదయగిరి కొండ కింద మా పాలెంలో, ఈ రెండు గదుల ఇంట్లో నేనే పెంచాను. గట్టిగా పెంచాను. కొట్టిన రోజులు చాలా గుర్తున్నాయి, ముద్దు పెట్టుకున్న రోజు ఒక్కటీ గుర్తు లేదు. పెట్టుకునే ఉంటాను.

పెద్దయ్యాక ఆత్మకూరులో ఫ్లెక్సీలు వేసే అంగట్లో పనికి కుదిరాడు. పొద్దున్నే బస్సెక్కి పోయి చీకటి పడే వేళకు వచ్చేవాడు. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, చచ్చిపోయిన వాళ్లకు, గెలిచిన నాయకులకు అందరికీ ఫ్లెక్సీలే. వాడి పని కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలు బాగు చేయడం. వచ్చినవాడల్లా, "మొహం కొంచెం తెల్లగా చెయ్యి అన్నా" అని అడుగుతాడట. వాడు మా వాళ్లందరికంటే నలుపు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు:

"అవ్వా, ఆత్మకూరు సెంటర్లో నిలబడి చూడు. ఫ్లెక్సీల్లో అందరూ తెల్లగుండారు. ఈ జిల్లాలో నల్లోణ్ణి నేనొక్కణ్ణే మిగిలినాను."

"నువ్వూ ఒకటి వేసుకో, తెల్లబడతావు. అది చూపిస్తే పిల్లనిస్తారు" అన్నాను నేను.

నవ్వాడు. పిల్ల మాట వచ్చినప్పుడల్లా అలాగే నవ్వి లేచిపోయేవాడు. వరికుంటపాడు వైపు నుంచి ఒక సంబంధం వస్తే, పిల్ల మేనమామ వాడిని చూసి పోయి, మరీ నల్లగా ఉన్నాడని కబురు పంపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వీడేమో ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత ఒక వానాకాలమంతా వాడికి జ్వరాలు, దగ్గు. ఎముకలు తేలాడు. సెలవు పెట్టి నెల్లూరు పోయి వచ్చాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. మెల్లగా తేరుకున్నాడు. అప్పటినుంచి రోజూ పొద్దున ఎనిమిదికి వాడి ఫోను టింగుమనేది. వెంటనే లేచి, అటక మీది పాత టీపొడి డబ్బా దించి, దాంట్లో ఉన్న సీసా నుంచి ఒక మాత్ర మింగి, ఫోను మీద వేలితో నొక్కేవాడు. అది అయ్యాకే బస్సుకు పరుగు. పది రోజులు చూశాను. పదకొండో రోజు అడిగాను.

"ఏం మాత్రలురా అవి?"

"బలానికవ్వా."

"బలానికైతే నాకూ ఒకటియ్యి. మోకాళ్లు పట్టేసుండాయి."

"నీకు పనికిరావులే."

"సరే, సీసా ఇయ్యి. బస్టాండు కాడ మందులంగట్లో చూపించి అడుగుతా, నాకు పనికొస్తాయో లేదో."

డబ్బా మీద చెయ్యి వేశాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ రోజు పనికి పోలేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని చెప్పాడు. నెల్లూరులో రక్తం చూసి ఏ రోగమన్నారో చెప్పాడు. మా పాలెంలో దాన్ని పేరు పెట్టి పిలవరు, "ఆ రోగం" అంటారు.

"ఎవతె దగ్గరికి పోయినావురా?" అన్నాను.

"ఎవతే కాదవ్వా."

"మరి గాల్లోనుంచి వచ్చిందా?"

"ఆడోళ్లు కాదవ్వా. నాకు ఆడోళ్ల మీదికి మనసు పోదు. చిన్నప్పట్నుంచీ అంతే. నీకు సగం తెలుసు."

నాకు తెలియదు. సగం కూడా తెలియదు. లేచి బయటికి పోయి, అప్పటికే ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చాను. లోపలికి వచ్చి ఒకటే మాట అన్నాను: "నీ పళ్లెం, గ్లాసు వేరే పెడతా." మా ఇంట్లో రెండు పళ్లేలూ ఒకే రకం స్టీలువి, ఒకే రోజు కొన్నవి. కలిసిపోకుండా మేకు పెట్టి కొట్టి వాడి పళ్లెం అంచున చుక్క పెట్టాను. వాడు చూస్తూనే ఉన్నాడు.

రెండు నెలలు అలా నడిచింది. వాడి పళ్లెం వాడే కడుక్కుని గోడవారగా ఆనించేవాడు. ఒకరోజు అలా ఆనిస్తుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. నా చిన్నతనంలో మా పాలెం వాళ్లకు టీ అంగట్లో వేరే గ్లాసులు ఉండేవి. తాగి, కడిగి, బయట చూరులో పెట్టి రావాలి. మా నాయన గ్లాసు కడుగుతుంటే నేను పక్కన నిలబడి చూసేదాన్ని. అదే వంగడం, అదే చెయ్యి. అయినా నేను పళ్లెం కలపలేదు. భయం.

అప్పుడు వాడు ఫోనులో ఉండే మనిషితో నన్ను మాట్లాడించాడు. ఎనిమిదింటికి టింగుమనేది, ఈ రోగం ఉన్నవాళ్లకు ఫోనులోనే సాయం చేసే మనుషులు పెట్టిన ఏర్పాటేనట. మాత్ర వేసుకున్నావా అని అడగడం, నెల్లూరులో ఏ రోజు పోతే గుంపు తక్కువో చెప్పడం, దిగులు పుడితే మాట్లాడడం, అన్నీ దాంట్లోనే. ఆత్మకూరు ఆసుపత్రి దగ్గరే అయినా అక్కడ మా చుట్టాలమ్మాయి పని చేస్తుంది. అందుకని అంత దూరం పోయే దారి చూపించింది కూడా వాళ్లే. వాడిలాంటి మగపిల్లలు ఎక్కడెక్కడివాళ్లో ఆ ఫోనులో ఒకచోట చేరి మాట్లాడుకుంటారట. "ఆడ మొహం తెల్లగా చెయ్యమనేవాడు లేడవ్వా. ఏ పాలెమని అడిగేవాడు లేడు" అన్నాడు.

ఫోను పైకి వినబడేలా పెట్టాడు. అవతల గొంతు మా వైపుది కాదు, నెమ్మదిగా ఉంది.

"అవ్వా, బాగున్నారా?"

"బాగుండాను. నీకు పెళ్లయిందా?"

"లేదవ్వా."

"నువ్వూ వీడి మాదిరేనా?"

"అవునవ్వా."

"ఈ మాత్రలేనా?"

"ఇవేనవ్వా, చాలా ఏళ్లుగా. ఇప్పుడు డాక్టరు లావు తగ్గమంటున్నాడు."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. పళ్లెం సంగతి ఆయనే ఎత్తాడు. తిండి వల్ల, గ్లాసు వల్ల, దుప్పటి వల్ల అది రాదని చెప్పాడు. మాత్రలు రోజూ తప్పకుండా వేసుకుంటే అందరిలాగే ముసలివాడయ్యేదాకా బతుకుతాడని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో వేరు పెడితే సిగ్గుతో మాత్రలు మానేసినవాళ్లు ఉన్నారవ్వా. మానేస్తే నిలవరు. వాళ్లను నేను చూశాను" అన్నాడు.

ఆ పూట రెండు పళ్లేలూ కలిపి తోమాను. చుక్క ఉన్న పళ్లెంలో నేను పెట్టుకుని, చుక్క లేనిదాంట్లో వాడికి పెట్టాను. వాడు పళ్లెం అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకున్నాడు, తల దించుకుని తిన్నాడు. ఏడాదికి పైగా మేము బాగున్నాము. అదొక్క ఏడాదే అనుకుంటాను, వాడు నాతో నోరు తెరిచి మాట్లాడింది.

తర్వాత వాడి ఫోను బస్సు దిగేటప్పుడు జారి పడింది. అద్దం పగిలి, లోపల వెలుగు పోయింది. కొత్తది కొన్నాడు. ఎనిమిదింటి టింగు కొత్తదాంట్లోకి మారింది. పాతదాన్ని చిరిగిన చొక్కాలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాడు.

"అదెందుకురా ఇంక?" అన్నాను.

"ఉండనీలే అవ్వా."

ఎందుకు ఉండనీయాలో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. కొత్త పొయ్యి వచ్చాక పాత పొయ్యిలో ఏముంటుంది, బూడిద తప్ప? ఫోను కూడా అంతే అనుకున్నాను. వెలుగు లేదు, పలకదు, చచ్చింది. చచ్చినదాంట్లో ఏమీ ఉండదనుకున్నాను.

మా వైపు ఎండాకాలం మొదలవగానే మోపెడ్ల మీద టబ్బులవాళ్లు తిరుగుతారు. బండికి ఇరుపక్కలా బక్కెట్లు, బిందెలు కొండలా కట్టుకుని, మైకులో ఒకటే పాట: పాత సెల్లులకు, చెడిపోయిన సెల్లులకు, తల ఎంట్రుకలకు టబ్బులిస్తాం, బక్కెట్లిస్తాం. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఆడవాళ్లం కవర్లో దాచిపెట్టుకునేది వాళ్ల కోసమే. ఆ రోజు పది గంటల వేళ బండి మా వాకిట్లోనే ఆగింది. నేను వెంట్రుకల కవరు తెచ్చాను. టబ్బులవాడు తూచి, చెంబు చూపించాడు. అప్పుడు ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

"ఇది పూర్తిగా పోయిందవ్వా. దీనికి ఒక మగ్గొస్తాది" అన్నాడు టబ్బులవాడు, ఫోను తిరగేసి చూసి.

"మగ్గా? మగ్గు నీ పెండ్లానికిచ్చుకో. బారెడుండాది ఫోను, బరువు చూడు."

"ఆన్ కాలేదు గదవ్వా."

"ఆన్ అయితే నీకెందుకిస్తానురా, నేనే మాట్లాడుకుంటా."

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. పక్కింటి ఆమె, "ఇచ్చెయ్ అబ్బయ్యా, ఈమెతో నువ్వు గెలవలేవు. చింతపండు కొంటే గింజలు ఎంచే మనిషి" అంది. చివరికి ఫోనూ వెంట్రుకలూ కలిపి ఎర్ర టబ్బు వచ్చింది. అందరికంటే పెద్దది నాదే. ఆ మధ్యాహ్నమంతా నాకు కులాసాగా ఉంది.

చీకటి పడే వేళకు మనవడు వచ్చాడు. వాకిట్లో టబ్బు చూసి నవ్వాడు.

"ఏందవ్వా, స్నానాలకు తొట్టి కట్టించినావా?"

"ఉత్తపుణ్యానికి వచ్చింది. నీ చచ్చిపోయిన ఫోను పడేసినా, దీన్ని పట్టినా."

వాడి నవ్వు మొహం మీదే ఉండిపోయింది కాసేపు, తీసేయడం మరిచిపోయినట్టు. తర్వాత లోపలికి పరుగెత్తాడు. ట్రంకు పెట్టెలోని బట్టలన్నీ నేల మీద పడ్డాయి. చొక్కా పట్టుకుని వచ్చాడు, ఖాళీ చొక్కా.

"ఎవురికిచ్చినావు? ఏ ఊరోడు?"

"నాకేం తెలుసురా. ఏముండాది దాంట్లో?"

"నేనుండానవ్వా దాంట్లో. మొత్తం."

అప్పుడు చెప్పాడు. అద్దం ఒక్కటే పోయిందట, లోపల అన్నీ అలాగే ఉన్నాయట. రక్తం రిపోర్టులు, ఆ మనుషులతో మాట్లాడుకున్న మాటలు, ఒక స్నేహితుడితో కలిసి దిగిన ఫొటోలు. తుడిచేద్దామంటే వెలుగు లేదు. బాగు చేయిద్దామంటే ఆత్మకూరులో ఫోన్లు బాగు చేసేవాళ్లందరూ వాడి పక్క అంగళ్లవాళ్లే, వాళ్ల చేతికి ఇస్తే చూసేస్తారు. అందుకే పెట్టె అడుగున పెట్టాడు. ఇప్పుడు ఎవడో కొత్త అద్దం వేసి తెరుస్తాడు. "నా ఒక్కడిదే కాదవ్వా, ఇంకొకడి బతుకు కూడా దాంట్లో ఉండాది. వాడికి పెళ్లి కుదిరుండాది" అన్నాడు.

నేను అప్పుడు ఏమనాలి? తెలియక చేశానురా అనాలి. ఆ మాట నా నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. నేను అన్నది ఇది:

"సిగ్గులేని ఫొటోలు దిగి దాచుకునేది నువ్వు. టబ్బు తెచ్చుకున్న నాదా తప్పు?"

వాడు పెరట్లోకి పోయి, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఆ ఫోనాయనతో మాట్లాడాడు. నాకు ముక్కలు ముక్కలుగా వినబడింది. "లేదన్నా... దూరం నుంచి తుడిచేదానికి లేదన్నా, అది ఆన్‌లో లేదు... రేపో ఎల్లుండో తెరుస్తారన్నా..." తర్వాత ముక్కు ఎగబీల్చడం ఒక్కటే.

మర్నాడు పనికి పోలేదు. ఎనిమిదింటికి ఫోను టింగుమంది. వాడు దాని వంక చూశాడు, లేవలేదు. డబ్బా అటక మీదే ఉంది. నేను చూశాను. ఏరా, మాత్ర వేసుకో అని ఒక్క మాట అనలేకపోయాను, కోపంలో ఉన్నాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

మూడో రోజు పొద్దున్నే సంచి భుజాన వేసుకున్నాడు.

"నెల్లూరు పోయొస్తానవ్వా."

"వచ్చేటప్పుడు బట్టల సబ్బు తీసుకురా" అన్నాను.

అదే చివరి మాట.

సాయంత్రం బస్సుకు రాలేదు, మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్ అని ఆడగొంతు చెప్పేది. ఫ్లెక్సీ అంగడాయనకు చేస్తే "ఇటు రాలేదవ్వా, వస్తే పంపిస్తా, పని పేరుకుపోయుండాది" అన్నాడు. మూడో నాడు అటక మీది డబ్బా దించాను. తేలికగా ఉండాలని దేవుణ్ణి అడుగుతూనే దించాను. బరువుగా ఉంది. మూత తీయని నిండు సీసా, దాని కింద ఆసుపత్రి పుస్తకం. వాడుతున్న సీసాను సంచిలో వేసుకుని పోయి ఉంటే, దాంట్లో మిగిలినవి నాలుగు మాత్రలు ఉండవచ్చు. నిండుది మరిచిపోయాడో, వద్దనుకున్నాడో. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను ఆలోచించేది ఇదొక్కటే. మరిచిపోయాడా, వద్దనుకున్నాడా.

టబ్బు పట్టుకుని టబ్బులవాడిని వెతకడానికి బయలుదేరాను. ఊరికే వెతికితే ఎందుకని అడుగుతారు, అందుకని టబ్బుకు పగులు ఉందని అబద్ధం పెట్టుకున్నాను. వింజమూరులో అడిగితే, ఆ మనుషులు ఆత్మకూరు బయట గుడారాలు వేసుకుని ఉంటారని ఒక బక్కెట్ల అంగడాయన చెప్పాడు. బస్సులో టబ్బు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"అవ్వా, టబ్బుకు కూడా టికెట్టు కొట్టేదా?" అన్నాడు కండక్టరు.

"కొట్టు, దాని పక్కన నువ్వు కూర్చో" అన్నాను. బస్సంతా నవ్వింది. నా నోరు అలా పలుకుతూనే ఉంది, లోపల ఏమున్నా.

గుడారాల దగ్గర ఒక ఆడమనిషి బండరాయి ముందు కూర్చుని, సుత్తితో ఫోన్లు పగలగొడుతోంది. లోపలి పచ్చ రేకులు ఒక గోనెలోకి, బ్యాటరీలు ఒక డబ్బాలోకి, మిగిలిన చెత్త పక్కకు. ఆ టబ్బులవాడి భార్యే. నేను ఫోను సంగతి అడిగాను.

"ఎప్పుడిచ్చినావవ్వా?"

చెప్పాను.

"అయితే ఆ పొద్దు సాయంత్రమే కొట్టేసుంటా. ఏ రోజుది ఆ రోజే."

"లోపలేముందో చూడరా మీరు? అద్దం వేసి తెరవరా?"

ఆమె నా వైపు చూసి నవ్వింది. "తెరిచి ఏం చూడాలవ్వా? మాకు కావాల్సింది ఆ పచ్చ రేకు. అద్దం వేసుకుంటా కూర్చుంటే కూడెవురు పెడతారు?"

చెత్త కుప్పలో కూర్చుని వెతికాను. దొరికింది. మావాడు మిగిలిన ఫ్లెక్సీ ముక్కలోంచి నెమలి కన్ను కత్తిరించి ఫోను వెనకాల అంటించుకున్నాడు. ఆ నెమలి కన్నున్న వెనక రేకు రెండు ముక్కలుగా ఉంది. అంటే వాడు ఆత్మకూరులో ఇంటికి రావడానికి బస్సెక్కే వేళకే అది పగిలిపోయింది. వాడు ట్రంకు పెట్టెలో వెతికేటప్పటికి లోకంలో ఆ ఫోను లేదు. ఎవడూ చూడలేదు. ఎవడూ చూడబోవడం లేదు.

"టబ్బు తీసుకో, ఇవి ఇయ్యి" అన్నాను.

"అది చెత్త అవ్వా, ఊరికే తీసుకుపో. టబ్బెందుకు?"

టబ్బులో రెండు ముక్కలు పెట్టుకుని తిరిగి వచ్చాను. ఒక్క మాట చెబితే చాలు వాడికి. ఆ ఒక్క మాట ఎక్కడ చెప్పాలి?

గోడ అలమారా తలుపు లోపల వాడు పెన్నుతో ఒక నంబరు రాసి పెట్టాడు, నాకేమన్నా అయితే దీనికి చెయ్యి అని. ఆ ఫోనాయనది. చేశాను. ఎత్తాడు.

"నాయనా, నేను. పళ్లెం అవ్వను."

"చెప్పండవ్వా."

"మావాడు నీతో మాట్లాడుతుండాడా?"

"అవ్వా, ఎవరు మాతో మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడట్లేదో నేను బయటికి చెప్పకూడదు. ఎవరికీ."

"నేను బయటిదాన్నా?"

"మీరు కాదవ్వా. కానీ చెప్పకూడదు. ఆ మాట మీద నమ్మకంతోనే వాళ్లు మా దగ్గరికి వస్తారు."

"ఏ ఊరో వద్దు. మాత్ర వేసుకుంటుండాడా, అది చెప్పు. ఊ అను, లేకపోతే ఊరికే ఉండు."

"ఏదీ చెప్పలేనవ్వా."

తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన పెట్టేయలేదు, విన్నాడు. తర్వాత ఫోను పగిలిన సంగతి చెప్పాను, సుత్తి, పచ్చ రేకు, నెమలి కన్ను, అన్నీ. వాడికి చెప్పమని బతిమిలాడాను. "మీరు చెప్పింది నేను విన్నానవ్వా" అన్నాడు. అంతే. చెబుతాననలేదు, చెప్పననలేదు. నిండు సీసా ఇంట్లోనే ఉందన్నాను. "ఏ ఊర్లోనైనా ఇస్తారవ్వా, పుస్తకం చూపిస్తే" అన్నాడు. పుస్తకం కూడా ఇక్కడే ఉందన్నాను. ఆయన గొంతు మారింది. "పుస్తకం లేకపోయినా అడగవచ్చవ్వా. అడిగితే ఇస్తారు."

అడగాలి. వాడు అడిగే రకం కాదు. అడగకుండా పెంచాను వాడిని. రెండోసారి అన్నం అడిగినా, పొయ్యి దగ్గర నిలబడి గుడ్లురిమి చూసేదాన్ని.

ఊళ్లో బెంగుళూరులో పని దొరికిందని చెప్పాను. పక్కింటి ఆమె నమ్మలేదు. "నిజం చెప్పు వదినా, అలిగి పోయినాడా? కనబడుటలేదు అని ఫ్లెక్సీ వేయించు. వాళ్లంగట్లోనే వేస్తారు" అంది. వాడి మొహం ఆత్మకూరు సెంటర్లో వేలాడదీసి, కింద నా నంబరు వేయించాలి. ఎందుకు పోయాడని వందమంది అడుగుతారు. దేనికి భయపడి వాడు పోయాడో ఆ పని నేనే చేసినట్టు అవుతుంది. వేయించలేదు. చర్చిలో స్త్రీల కూడికలో వాడి పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నారు, మంచి పిల్ల దొరకాలని, తెల్లటి పిల్ల అని ఒకామె కలుపుతుంది కూడా. నేను ఆమెన్ అంటున్నాను. ఇంకేమనను?

నెలకొకసారి ఆ ఫోనాయనకు చేసేదాన్ని. ఆయన అదే నెమ్మదితో, "విన్నానవ్వా" అనేవాడు. ఒక్కోసారి నాకు అనిపించేది, ఆయన గొంతులో వాడి కబురు ఏదో ఉందని, పైకి రాకుండా పట్టుకున్నాడని. ఒక్కోసారి ఏమీ లేదనిపించేది. పోయిన చలికాలం చేస్తే, ఈ నంబరు సేవ ముగిసింది అని రికార్డు చేసిన మాట వచ్చింది. మళ్లీ చేశాను, అదే మాట. ఎనిమిదింటికి టింగుమనేది కూడా ఆగిపోయి ఉంటుంది మరి, వాడు ఎక్కడున్నా.

సీసా డబ్బాలోనే ఉంది. మూత తీయలేదు. దాని మీద ఎప్పటిలోగా వాడాలో అంకెలు ఉంటాయి. మూడో తరగతి చదువు ఆ అంకెలకు సరిపోతుంది. ఆ నెల పోయిన నెలతో దాటిపోయింది. చుక్క పళ్లెంలో నేనే తింటున్నాను. చుక్క లేనిది కడిగి ఆనించి ఉంది.

నా ఫోనుకు ఇప్పుడు రీచార్జు ఒక్కరోజు కూడా ఆపను. ఆపితే వచ్చే ఫోన్లు రావట. తెలియని నంబరు ఏది మోగినా ఎత్తుతాను. వాడైతే నా గొంతు వినగానే పెట్టేస్తాడేమో, అందుకని హలో అనను. అవతలివాళ్లు నోరు తెరవకముందే చెప్పేస్తాను:

"ఆ ఫోను పగలగొట్టేసినారు నాయనా, ఆ పొద్దే. ఎవురూ చూళ్లేదు."

అవతల ఎవరో ఆడపిల్ల, "మేడం, మీకు లోన్ కావాలా?" అంటుంది.

"వద్దమ్మా" అని పెట్టేస్తాను.